కంది, దాని అడవి బంధువులు: రెండు చెట్లు రెండు మాటలు చెబితే దేన్ని నమ్మాలి?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టు చెబుతాను. కంది నమూనాలతో పాటు ఐదు అడవి జాతులు తీసుకుని ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లతో, అంటే డీఎన్‌ఏలో కొన్ని అక్షరాలు పదేపదే వచ్చే చోట్ల పొడవు తేడాలు చూపే గుర్తులతో, ఒక చుట్టరికాల చెట్టు గీశారు. వాటిలో కజానిఫోలియస్ అనే జాతి వచ్చి కంది పక్కనే కూర్చుంది, అది మీరు అనుకున్నదే. కానీ స్కారబియాయిడిస్ అనే ఇంకో జాతి నమూనాలు నాలుగింటిలో ఒకటి మిగతా మూడింటినీ వదిలేసి కంది గుంపులో చేరింది. తర్వాత హరితరేణువు డీఎన్‌ఏలో ఒక ముక్క చదివించి ఇంకో చెట్టు గీస్తే, అదే నమూనా తిరిగి స్కారబియాయిడిస్ గుంపులోకి వెళ్లిపోయింది. ఈసారి లీనియాటస్, ఆల్బికాన్స్ అనే మరో రెండు జాతులు చోటు మారాయి. దీనికి తోడు పాత పుస్తకాల్లో ఇవన్నీ అటైలోసియా అనీ, కొత్తవాటిలో కజానస్ అనీ ఉండటంతో ఏ చెట్టు నిజం, ఏ పేరు రాయాలి అని అడిగారు.

రెండు చెట్లూ నిజం కావచ్చు. ఆ దారి తప్పిన నమూనా విషయంలో మాత్రం నాకు గట్టి అనుమానమే ఉంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను. ముందు పేర్ల సంగతి చూద్దాం, ఎందుకంటే వర్గీకరణ అంటే అసలు ఏమిటో అక్కడే తెలుస్తుంది.

అటైలోసియా అనే ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, 1834లో వృక్షశాస్త్రజ్ఞులు వైట్, ఆర్నాట్ స్థాపించారు. కందిని కజానస్‌లో ఉంచి, దాన్ని పోలిన అడవి మొక్కల్ని అటైలోసియాలో పెట్టడం ఆ తర్వాత నూటయాభై ఏళ్లు నడిచింది. రెండింటినీ విడదీసిన ప్రధాన లక్షణం గింజ మీద ఉండేది. ఒక అడవి కంది గింజ తీసుకుని పదింతలు చూపే లెన్సు కింద పెట్టండి. గింజ కాయకు అంటుకుని ఉన్న మచ్చ దగ్గర తెల్లగా, కండపట్టినట్టు ఉబ్బెత్తుగా ఒక కట్టు కనిపిస్తుంది. దాన్ని స్ట్రోఫియోల్ అంటారు. ఇప్పుడు పక్కన సాగు కంది గింజ పెట్టి చూడండి. మచ్చ ఉంటుంది, ఆ ఉబ్బు మామూలుగా ఉండదు. ప్రజాతిని ప్రజాతినుంచి వేరు చేసిన గీత ఇంతే.

ఈ గీత నిలబడదని సంకరణ ప్రయోగాలు చూపించాయి. కందితో అటైలోసియా జాతులు కొన్ని సులువుగానే కలిశాయి, సంతానంలో ఫలవంతమైన మొక్కలు వచ్చాయి, క్రోమోజోములు రెండువైపులా 22, కణ విభజనలో వాటి జతలు కూడా చాలావరకు సరిగ్గా కట్టాయి. స్ట్రోఫియోల్ ఉండటం, లేకపోవడం కొద్దిపాటి జన్యువుల పని అని సంతానాన్ని లెక్కపెడితే తేలింది. సాగులోకి వచ్చే క్రమంలో పోయే లక్షణాల్లో ఇదీ ఒకటి, కాయ పగిలి గింజ రాలిపోవడం ఆగిపోయినట్టే. మనిషి ఏరుకోవడం వల్ల పోయిన లక్షణాన్ని పట్టుకుని ప్రజాతి గీత గీయకూడదు. వృక్షశాస్త్రజ్ఞుడు వాన్ డెర్ మేసెన్ ఇవన్నీ కలిపి చూసి 1980ల నడుమ అటైలోసియాను కజానస్‌లో కలిపేశారు. కజానస్ పేరు పాతది కాబట్టి నామకరణ నియమాల ప్రకారం అదే మిగిలింది. ఆ లెక్కలో కజానస్‌కు 32 జాతులు: ఎక్కువ భాగం ఆసియాలో, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో, ఒకటి, కెర్‌స్టింగీ, పశ్చిమ ఆఫ్రికాలో. కాబట్టి మీ థీసిస్‌లో కజానస్ అనే రాయండి. నమూనా పాత అటైలోసియా లేబుల్‌తో వచ్చి ఉంటే ఆ పాత పేరు పట్టికలో పక్కన ఒక్కసారి ఇవ్వండి. దశాబ్దాల నాటి సంకరణ ఫలితాలు వెతకాలంటే చదివేవాళ్లకు ఆ పేరే దిక్కు.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. ఒకే ప్రజాతిలో పెట్టారు కాబట్టి అన్నీ కందికి సమాన దూరంలో ఉన్నాయని, లేదా అన్నీ కందితో కలుస్తాయని అనుకుంటారు. అలా కాదు. పంటతో ఎంత సులువుగా కలుస్తుందో దాన్ని బట్టి అడవి జాతుల్ని విభజించే, హార్లన్, డి వెట్ 1971లో ప్రతిపాదించిన జన్యు నిధుల పద్ధతిలో చూస్తే కజానిఫోలియస్, స్కారబియాయిడిస్, సెరీసియస్, లీనియాటస్, ఆల్బికాన్స్ రెండో నిధిలోకి వస్తాయి, అంటే మామూలు సంకరణతో పని జరుగుతుంది. ఆస్ట్రేలియాలో పుట్టిన అక్యుటిఫోలియస్ కూడా ఆ నిధిలోనే ఉంది. మన అడవుల్లోనే పెరిగే వాలుబిలిస్, క్రాసస్ మూడో నిధిలో ఉన్నాయి. ప్లాటికార్పస్ అయితే పిండాన్ని బయటికి తీసి పోషక మాధ్యమంలో పెంచితే తప్ప కందితో కలవదు. దగ్గర్లో పెరుగుతుందా, దూరంలో పెరుగుతుందా అన్నదాన్ని బట్టి చుట్టరికం తేలదు. కలుస్తుందా లేదా అన్నది చుట్టరికానికి ఒక సాక్ష్యం మాత్రమే, చుట్టరికమే అది కాదు. రెండు జాతుల మధ్య ఒకటి రెండు జన్యువుల తేడా వల్ల సంకర పిండం చచ్చిపోవచ్చు, మిగతా జన్యురాశి ఎంత దగ్గరైనా సరే. జన్యు నిధి అనేది మొక్కల ప్రజననం చేసేవాళ్ల అవసరం కోసం పుట్టిన విభజన. దాన్ని వంశవృక్షం మీద అతికించకండి.

కజానిఫోలియస్ విషయంలో మాత్రం సాక్ష్యాలన్నీ ఒకవైపే చూపిస్తున్నాయి. తూర్పు కనుమల్లో, బస్తర్, ఒడిశా ప్రాంతాల్లో దొరికే ఈ మొక్క నిలువుగా పెరుగుతుంది, ఆకు కంది ఆకులాగే ఉంటుంది. స్ట్రోఫియోల్, మచ్చల గింజ, పగిలిపోయే కాయ, పువ్వు వివరాలు వదిలేస్తే చూపులో కందే. గింజ ప్రొటీన్ల పోలిక, సంకరణ ఫలితాలు, రకరకాల డీఎన్‌ఏ మార్కర్లు అన్నీ కందికి అడవి పూర్వీకుడిగా దీన్నే ముందు నిలబెట్టాయి. ఇంత దగ్గరి బంధువు కణద్రవ్యంలో కంది కేంద్రకాన్ని పెడితే కొన్ని కలయికల్లో మగ వంధ్యత్వం వస్తుంది, అంటే పనికొచ్చే పుప్పొడి తయారుకాదు. ఇలాంటి కణద్రవ్యాలకు ఏ1, ఏ2 అంటూ పేర్లు పెట్టారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో తయారైన ఐసీపీహెచ్ 2671 హైబ్రిడ్ కందికి ఆధారమైన ఏ4 కణద్రవ్యం కజానిఫోలియస్‌దే. ఏ2 స్కారబియాయిడిస్‌ది, ఏ1 సెరీసియస్‌ది. కేంద్రకం, కణద్రవ్యంలోని మైటోకాండ్రియా వేరువేరు వంశాల్లో కొంతకాలం విడిగా నడిచాయి కాబట్టే వాటి మధ్య ఈ పొసగకపోవడం వచ్చింది. నా దృష్టిలో ఇది ఏ మార్కర్ బ్యాండ్ (జెల్ మీద కనిపించే డీఎన్‌ఏ గీత) కన్నా గొప్ప సమాచారం. మీ నమూనా రహస్యం విప్పడానికి ఈ ఏ2 అన్నది గుర్తుపెట్టుకోండి.

ఇంకో మాట. కజానిఫోలియస్ నమూనాలు కొన్ని కందికి దగ్గరగా, కొన్ని కొంచెం ఎడంగా పడ్డాయని, అవి ఒకే గుంపు కట్టలేదని మీరు కంగారుపడ్డారు. పూర్వీకుడి జాతిలో ఒక జనాభానుంచి సాగు పంట పుడితే, ఆ జనాభా పంటకు దగ్గరగా, మిగతా జనాభాలు దూరంగా కనిపించడం సహజం. అలా చీలి కనిపించకపోతేనే నేను ఆశ్చర్యపోతాను. ఇది చూడాలంటే జాతికి ఒక్క నమూనా సరిపోదు. మీరు నాలుగేసి తీసుకోవడం మంచి పని.

ఇప్పుడు మార్కర్లు. ఎస్‌ఎస్‌ఆర్ ప్రైమర్లు, అంటే ఆ చోటును పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, చాలావరకు సాగు కంది డీఎన్‌ఏ చూసి తయారుచేసినవి. అడవి జాతిలో ప్రైమర్ అతుక్కునే చోట ఒక్క అక్షరం మారినా బ్యాండ్ రాదు. మీ పట్టికలో అలాంటివాటికి 0 వేశారు. ఆ తర్వాత పోలిక లెక్కకు సింపుల్ మ్యాచింగ్ వాడారని రాశారు. ఆ సూత్రం రెండు నమూనాల్లోనూ బ్యాండ్ లేకపోవడాన్ని కూడా పోలికగానే లెక్కేస్తుంది. అంటే వేరువేరు కారణాలతో బ్యాండ్ రాని రెండు దూరపు జాతులు దగ్గరి బంధువులైపోతాయి. లీనియాటస్, ఆల్బికాన్స్ మీ మొదటి చెట్టులో అంత దగ్గరగా పడటానికి ఇదే కారణమేమో ముందు చూడండి. రెండింటిలోనూ లేని బ్యాండ్లను లెక్కలోకి తీసుకోని జాకార్డ్ సూత్రంతో మళ్లీ లెక్కేయండి, లేదా ఇంకా మంచిది, బ్యాండ్ రాని చోట 0 కాకుండా సమాచారం లేదని గుర్తించి, అలాంటివి మరీ ఎక్కువున్న మార్కర్లను అడవి జాతుల పోలికలోంచి తీసేయండి. రెండు జాతుల్లో ఒకే పొడవు బ్యాండ్ వచ్చినా అది ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిందని హామీ లేదు, ఎస్‌ఎస్‌ఆర్ పొడవు పెరిగి తగ్గి మళ్లీ అదే కొలతకు చేరగలదు. ఒక జాతి లోపలి తేడాలు చూడటానికి ఎస్‌ఎస్‌ఆర్ బాగా పనిచేస్తుంది. జాతుల మధ్య దూరం పెరిగేకొద్దీ దాని మాట బలహీనపడుతుంది.

కొత్త పద్ధతులకు మారితే ఈ బాధ పోతుందని కాదు. 2011 చివర్లో ఆశ రకం, అంటే ఐసీపీఎల్ 87119, జన్యుక్రమం వెలువడ్డాక అడవి జాతుల డీఎన్‌ఏ ముక్కల్ని దానిమీద పేర్చి తేడాలు వెతకడం అలవాటైంది. కందితో బాగా తేడా ఉన్న ముక్కలు అక్కడ అతకవు, అతికినవే లెక్కలోకి వస్తాయి. దాంతో దూరపు జాతి ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తుంది. కంది రకాల్లో కనిపించిన తేడాల ఆధారంగా చేసిన ఎస్‌ఎన్‌పీ చిప్ (డీఎన్‌ఏలో ఒక్కో అక్షరం తేడాల్ని చదివేది) వాడితే ఇంకోరకం ఇబ్బంది: అడవి జాతుల్లో మాత్రమే ఉన్న తేడాలు ఆ చిప్‌కు కనబడవు కాబట్టి, అసలు వైవిధ్యమంతా ఉన్న మొక్కలు పేలవంగా ఒకేలా కనిపిస్తాయి.

సగటు దూరాల్ని బట్టి గుంపులు కట్టే యూపీజీఎంఏతో గీసిన డెండ్రోగ్రామ్‌ను, అంటే కొమ్మల చిత్రాన్ని, వంశవృక్షం అని రాయకండి, గైడ్ ఒప్పుకున్నా సరే. అన్ని వంశాలూ ఒకే వేగంతో మారాయన్న ఊహ మీద అది నడుస్తుంది. సాగులోకి వచ్చిన మొక్క తక్కువమంది పూర్వీకుల గుండా ఇరుకు దారిలో వచ్చి ఉంటుంది, దాని జన్యు నిష్పత్తులు త్వరగా మారతాయి. కనీసం ఆ ఊహ అక్కర్లేని నైబర్ జాయినింగ్ పద్ధతి వాడి, రింకోసియా లాంటి బయటి ప్రజాతిని ఒకదాన్ని చేర్చి, చెట్టుకు వేరు ఎక్కడో తేల్చుకోండి.

హరితరేణువు చెట్టు ఎందుకు వేరుగా వచ్చిందన్నది మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం. చాలా మొక్కల్లో హరితరేణువు తల్లి నుంచే వస్తుంది, ముక్కలై కలవదు, మొత్తంగా ఒకే జన్యువులా కదులుతుంది. అందుకే అది చెప్పేది తల్లివైపు కథ ఒక్కటే. చిక్కుడు కుటుంబంలో ఇదీ అన్నిచోట్లా నియమం కాదు, ఆల్ఫాల్ఫాలో రెండువైపుల నుంచీ వస్తుందని రుజువైంది. దగ్గరి జాతులు కొద్దికాలం కిందటే విడిపోయి ఉంటే, విడిపోకముందు జనాభాలో ఉన్న రెండు మూడు రకాల హరితరేణువులు రెండు జాతుల్లోనూ అలాగే మిగిలిపోవచ్చు. లేదా ఎప్పుడో ఒకసారి సంకరం జరిగి, తర్వాత తరతరాలుగా ఒకవైపు పుప్పొడే పడుతూ కేంద్రకం మొత్తం మారిపోయి, తల్లి హరితరేణువు ఒక్కటే పాత గుర్తుగా మిగిలిపోవచ్చు. ఈ రెండింటినీ వేరుచేయాలంటే కేంద్రకంలోని చాలా జన్యువుల చెట్లు పక్కపక్కన పెట్టి చూడాలి.

అంతకన్నా ముందు ఒక చిన్న పని చేయండి. మీ హరితరేణువు ముక్కలో లీనియాటస్, ఆల్బికాన్స్ మధ్య ఎన్ని అక్షరాలు తేడా ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ కొమ్మ దగ్గర బూట్‌స్ట్రాప్ అంకె చూడండి, సమాచారం ఆ కొమ్మను ఎంత గట్టిగా సమర్థిస్తోందో వందకు చెప్పేది అదే. తేడా ఒకటి రెండు అక్షరాలే అయి, అంకె 50 దగ్గర ఆడుతుంటే అక్కడ రెండు చెట్ల మధ్య గొడవే లేదు, ఆ ముక్కకు చెప్పడానికి ఏమీ లేదంతే.

పక్క పంటల్లో జరిగింది తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. వేరుశనగకు 40 క్రోమోజోములు, రెండు అడవి జాతులు కలిసి పుట్టిన మొక్క. వాటి జన్యురాశులకు ‘ఏ’, ‘బీ’ అని పేర్లు. ‘ఏ’ జన్యురాశి డ్యురానెన్సిస్ అనే జాతి నుంచి వచ్చింది. బీ జన్యురాశి ఎవరిదన్న చోట చాలాకాలం బాటిజోకోయి అనే జాతి పేరు వినిపించింది. సంకరణాలు, క్రోమోజోముల పోలికలు దాన్ని నమ్మదగిందిగానే చూపాయి. తర్వాత క్రోమోజోముల వివరాలు నిశితంగా చూసి బాటిజోకోయిని బీ గుంపునుంచే తప్పించి కే అని వేరే జన్యురాశిగా పెట్టారు. 2016లో రెండు అడవి జాతుల జన్యుక్రమాలు వెలువడ్డాక, బొలీవియాలో ఒకే ఒక్క జనాభాగా తెలిసిన ఇపాయెన్సిస్ డీఎన్‌ఏ వేరుశనగ బీ జన్యురాశితో దాదాపు అక్షరం అక్షరం సరిపోయింది. ఆ ఒక్కచోట ఎవరూ ఆ మొక్కను సేకరించి ఉండకపోతే మన చెట్టులో ఆ కొమ్మ ఖాళీగా ఉండేది, మనం పక్క కొమ్మనే పూర్వీకుడు అనుకుంటూ ఉండేవాళ్లం. ఏ చెట్టయినా మనం అందులో పెట్టిన నమూనాల గురించే మాట్లాడుతుంది.

మినుము, పెసరల కథ ఇంకా దగ్గరిది. ఈ రెండూ ఒకప్పుడు ఫేసియోలస్ ప్రజాతిలో ఉండేవి, 1950ల్లో విగ్నా ప్రజాతిలోకి మార్చారు. వీటి అడవి రూపాలన్నిటినీ కలిపి సబ్‌లోబాటా అని ఒకే పేరుతో పిలిచేవారు. జాగ్రత్తగా చూస్తే ఆ ఒక్క పేరు కింద రెండు వేరువేరు మొక్కలున్నాయి. ఒకదాని గింజ మచ్చ పెసరలోలా చదునుగా ఉంటుంది. ఇంకోదానికి మినుములోలా మచ్చ చుట్టూ లేచిన అంచు ఉంటుంది, కాయలు నిక్కబొడుచుకుని పొడవాటి నూగుతో ఉంటాయి. ఇప్పుడు మొదటిది పెసరకు, రెండోది మినుముకు అడవి రూపంగా విడిగా పేర్లు పొందాయి. మనిషి ఏరివేతకు లోనయ్యే స్ట్రోఫియోల్ కందిలో ప్రజాతి గీతకు పనికిరాలేదు, అదే మచ్చ దగ్గరి అంచు ఇక్కడ అడవి మొక్కల్లోనే స్థిరంగా ఉండి రెండు జాతుల్ని విడదీసింది. లక్షణం చిన్నదా పెద్దదా అని కాదు, అది ఎవరి చేతుల్లో మారింది, ఇంకే లక్షణాలతో కలిసి నడుస్తోంది అని చూడాలి.

ఇక మీ నాలుగో నమూనా. కేంద్రకం మార్కర్లలో కంది గుంపు, హరితరేణువులో స్కారబియాయిడిస్ గుంపు. ఈ జంట చూడగానే నాకు రెండు సంగతులు తడతాయి. మొదటిది సంకరం. కందిలో తేనెటీగల వల్ల పరపరాగ సంపర్కం బాగా జరుగుతుంది. విత్తనం పెంచుకోవడానికి స్కారబియాయిడిస్‌ను కంది మళ్ల దగ్గర వలలు లేకుండా వేస్తే, కంది పుప్పొడి పడి పుట్టిన గింజ అదే ప్యాకెట్లో, అదే అంకెతో చేరుతుంది. రెండోది ఏ2. స్కారబియాయిడిస్ కణద్రవ్యంలో కంది కేంద్రకం పెట్టిన మగ వంధ్య లైను గింజలు పొరపాటున ఆ ప్యాకెట్లోకి వచ్చి ఉంటే, సరిగ్గా ఇదే ఫలితం వస్తుంది.

రెండింటినీ విడదీయడం కష్టం కాదు. మీ మిగతా మూడు స్కారబియాయిడిస్ నమూనాల్లో ఒకే బ్యాండ్, కందిలో స్థిరంగా వేరే బ్యాండ్ వచ్చే మార్కర్లను ఏరండి. అనుమానపు నమూనాలో ఆ మార్కర్లన్నిటిలో రెండు బ్యాండ్లూ కనిపిస్తే మొదటి తరం సంకరం. సగం దగ్గర రెండు బ్యాండ్లు, మిగతా సగంలో కంది బ్యాండే ఉంటే సంకరం మళ్లీ ఒకసారి కందితో కలిసింది. దాదాపు అన్నిచోట్లా కంది బ్యాండ్ ఒక్కటే ఉంటే అది వంధ్య లైనే అయ్యుండొచ్చు. డెండ్రోగ్రామ్‌లో సంకరానికి చోటు ఉండదు, ఏదో ఒక కొమ్మ మీదికి తోస్తుంది. అందుకే అదే సమాచారంతో, నమూనాల మధ్య దూరాల్ని చుక్కలుగా చూపే పీసీఓఏ చిత్రం గీయండి, సంకరమైతే రెండు గుంపుల నడుమ విడిగా నిలబడుతుంది.

డీఎన్‌ఏకన్నా ముందు మొక్కనే అడగొచ్చు. మిగిలిన గింజలుంటే నాలుగు నాటండి. స్కారబియాయిడిస్ నేలమీద పాకి చుట్టుకుంటుంది, ఆకులు మందంగా నూగుగా, కాయ చిన్నదై పొడవాటి నూగుతో నిండి, గింజల మధ్య అడ్డంగా నొక్కినట్టు గీతలతో ఉంటుంది. వంధ్య లైను నిలువుగా కందిలా లేస్తుంది. పూత వచ్చాక విచ్చబోయే మొగ్గలోంచి పరాగకోశాలు తీసి అసిటోకార్మిన్ అనే రంగు చుక్కలో చిదిమి మైక్రోస్కోపు కింద చూడండి. మంచి పుప్పొడి గుండ్రంగా ఎర్రగా రంగు పడుతుంది, వంధ్యమైనది ముడుచుకుని పాలిపోయి ఉంటుంది లేదా అసలు కనబడదు. సంకరంలో రెండూ కలిసి ఉండొచ్చు. ఒక కొమ్మను పువ్వు, కాయతో సహా నొక్కి ఆరబెట్టి హెర్బేరియం షీటుగా మీ శాఖలో పెట్టండి, మిగతా నమూనాలన్నిటికీ కూడా. ఆ షీటు లేని అడవి మొక్క జన్యు ఫలితాన్ని తర్వాత ఎవరూ సరిచూడలేరు.

ఆ ఒక్క నమూనా తేలేదాకా దాన్ని పక్కనపెట్టి మిగతావాటితో రెండు చెట్లూ మళ్లీ గీయండి. తేలాక దాన్ని తీసిపారేయకుండా ఫలితాల్లో విడిగా ఒక పేరాగా రాయండి, అదే అంకెతో గింజ తీసుకున్న ఇంకొకరికి అది పనికొస్తుంది. గింజ ఇచ్చిన జన్యునిధికి కూడా బ్యాండ్ల పట్టిక, పుప్పొడి ఫొటో పంపి చెప్పండి. లీనియాటస్, ఆల్బికాన్స్ దగ్గర జాకార్డ్ లెక్క తర్వాత కూడా తేడా అలాగే ఉంటే బూట్‌స్ట్రాప్ అంకెలతో సహా ఇక్కడ పెట్టండి, చూస్తాను.